ఎస్సెల్లార్‌కు లేని గడియ

ఈ పొద్దున ఫైరింగ్ రేంజిలో పాత త్రీనాట్‌త్రీ గడియ వెనక్కి లాగగానే ఆ వాసన గుప్పుమంది. తుపాకి నూనె, కాలిన మందు, ఎండకు కాగిన కట్టె, మూడూ కలిసిన వాసన. ముక్కుకు తగిలిందో లేదో నా ప్రాణం లేచి వచ్చింది. ఇన్నేళ్ల పోలీసు ఉద్యోగం తర్వాత కూడా అంతే, ఏం చేయను! కొత్తగా చేరిన ఆడపిల్లలకు చూపించడానికే ఆ తుపాకిని స్టోరు నుంచి తెప్పిస్తాం, డ్యూటీకి ఇప్పుడెవరూ తీసుకుపోరు. దాని పక్కనే బండ మీద ఎస్సెల్లార్ పెట్టి ఉంది. ముందు వరుసలో కూర్చున్న ఆదోని పిల్ల చెయ్యెత్తి, "మేడం, ఈ రెండిట్లో యాది కరెక్టుగా కొడ్తాది?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు. ఆ ఒక్క ప్రశ్న మీద నేను ఒకప్పుడు కనిపించిన ప్రతివాడితోనూ పోట్లాడాను.

తుపాకి పట్టనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. త్రీనాట్‌త్రీకి తలుపుకున్నట్టే ఒక గడియ ఉంటుంది. ఒక్కొక్క తూటా కాల్చాక ఆ గడియను పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించితేనే తర్వాతి తూటా లోపలికి వెళ్తుంది. ఎస్సెల్లార్‌కు ఆ బాధ లేదు. మీట నొక్కితే తూటా పోతుంది, ఆ పేలుడు బలంతోనే ఖాళీ తొడుగు బయటికి ఎగిరి కొత్త తూటా తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. మళ్లీ నొక్కడమే తరువాయి. మా రోజుల్లో రిజర్వు పోలీసులు ఈ రెండు తుపాకులకు రెండు పార్టీలుగా విడిపోయేవాళ్లు. టీ తాగుతూ మొదలైన వాదన అన్నం దగ్గర కూడా తెగేది కాదు.

త్రీనాట్‌త్రీ పార్టీకి పెద్ద మా పీరా సార్. కల్లూరులో పరుపులు కుట్టేవాళ్ల ఇంట పుట్టి, హెడ్ కానిస్టేబులై, మాకు ఫైరింగ్ నేర్పడానికి వచ్చారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం రేంజి వెనక గుట్టకు కొట్టుకుని తిరిగి వచ్చేంత పెద్దది. అణకువ ఆయన దరిదాపుల్లో ఉండేది కాదు. "ఈ జిల్లాలో నా మాదిరి కొట్టేవాడు ఉంటే చూపించు, వాని కాళ్లు పడతా" అని రోజుకొకసారైనా అనకపోతే ఆయనకు తోచేది కాదు. రంజాన్ నెలలో నీళ్లు కూడా ముట్టకుండా ఆ ఎండలో నిలబడి మామీద అరిచేవారు. ఆయన ముందు సీసా ఎత్తడానికి మేము మొహమాటపడితే, "రోజా నాది, మీది కాదు, తాగి సావండి" అని ఇంకా గట్టిగా అరిచేవారు. ఆ తిట్టు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

నేను వేంపల్లె దగ్గర చీనీ తోటల పల్లె నుంచి వచ్చినదాన్ని, చీనీ అంటే బత్తాయి. పేరు లక్ష్మీదేవి. ట్రైనింగ్‌లో మొదటిసారి కాల్చినప్పుడు నా తూటాల్లో ఒక్కటంటే ఒక్కటి కాగితానికి తగల్లేదు. లక్ష్యాల దగ్గర గుంటలో కూర్చుని తూటాలు ఎక్కడ తగిలాయో జెండాతో చూపించే సుబ్బరాయుడు పైకి వచ్చి, "యాడికి కాల్చినావు మే? ఆకాశానికి బొక్కలు పెట్నావా?" అన్నాడు. అతను మా కడప వైపువాడే, నాకంటే ముందు బ్యాచి. అంతే, ఆ రోజు నుంచి నా పేరు గాల్లో లక్ష్మి. మెస్సులో గాల్లో లక్ష్మి, పెరేడ్‌లో గాల్లో లక్ష్మి. జీతం తీసుకునేచోట కూడా అదే పేరుతో పిలిచారంటే ఒళ్లు మండదా?

పీరా సార్ మాత్రం ఆ పేరుతో ఒక్కసారీ పిలవలేదు. "లక్షుమ్మా, నీకు కోపం శానా. కోపం మనిషికి ఉండొచ్చు, ఏలికి ఉండగూడదు" అని చెప్పి త్రీనాట్‌త్రీ చేతికిచ్చారు. మీట నొక్కే వేలికి కోపం లేకుండా చేయడానికి నాకు చాలా కాలం పట్టింది. కానీ పట్టు దొరికాక ఇక చూడండి! తూటాలు ఒకదాని పక్కన ఒకటి వెళ్లి కూర్చునేవి. జోన్ పోటీలకు వెళ్లే జిల్లా జట్టులో ఆడవాళ్లకు ఒక్కటే చోటు. అది నాదేనని సారూ నేనూ ఊరంతా చాటేశాం. ఆ చోటు దొరికితే గాల్లో లక్ష్మి చచ్చి లక్ష్మీదేవి బతుకుతుంది. నాకు కావలసింది అదొక్కటే.

సరిగ్గా అప్పుడే పై నుంచి ఆర్డరు వచ్చింది. పాత తుపాకులు స్టోరుకు అప్పగించాలి, ఎంపిక ఎస్సెల్లార్‌తోనే జరుగుతుంది. నా మీద పిడుగు పడింది. ఎస్సెల్లార్ పట్టిన మొదటి రోజే నా కాగితం చిల్లులు పడిన జల్లెడ. సుబ్బరాయుడికి పండగ. "గాల్లో లక్ష్మీ, నువ్వు అహోబిలం తిరునాళ్లకు బందోబస్తుకు పో. ఆడ బెలూన్లు కొట్టే అంగడి ఉంటాది, నీకు అదే సరి" అన్నాడు. నేను తుపాకిని బండ మీద పెట్టేసి, "ఇది తుపాకి కాదు సార్, దరిద్రం! దీంతో దేవుడు కూడా సూటిగా కొట్టలేడు" అని ఏడుపు గొంతుతో అరిచాను.

సార్ మురిసిపోతారనుకున్నాను, ఆయన పార్టీ మాటే కదా నేను అన్నది. మురిసిపోయారు కూడా. "చూద్దాం పట్టు, అందరి ముందరా తేలుద్దాం" అంటూ బేతంచెర్ల నాపరాతి బండ మీద ఇసుక మూటలు పేర్పించి, రెండు తుపాకులనూ వాటి మీద ఆనించి తానే కాల్చారు. ఎస్సెల్లార్‌లో కూడా ఒక్కొక్క తూటా పెట్టుకుంటూ, నిదానంగా. మేమంతా చుట్టూ మూగాం, పందెపు కోళ్ల దగ్గర నిలబడినంత హుషారు! సుబ్బరాయుడు రెండు కాగితాలూ తెచ్చి పరిచాడు. త్రీనాట్‌త్రీ చిల్లులన్నీ ఒక నిమ్మకాయ కింద దాక్కుంటాయి. ఎస్సెల్లార్‌వి ఒక చీనీకాయ కింద దాక్కుంటాయి. గెలుపు పాతదానిదే. కానీ సార్ ముఖం వాడిపోయింది.

"ఇంతేనా? ఇంత మాత్రానికా నేను ఇన్నేండ్లు దీన్ని తిట్టింది?" అని ఆయన కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. తర్వాత ఎస్సెల్లార్‌ను ఒళ్లో పెట్టుకుని అందరికీ వినపడేలా చెప్పారు. "గడియ తుపాకిలో అంతా బిగిసి ఉంటాది, కదిలేది తక్కువ. అందుకే ఆ నిమ్మకాయ. దీంట్లో సామాను కదుల్తాది, నిజమే. కానీ గుండు గొట్టం గడప దాటినాకనే లోపలి సంసారం బాగా కదిలేది. అందుకే చీనీకాయ కాడ ఆగింది." నా జల్లెడ కాగితం తెచ్చి పక్కన పెట్టారు. చిల్లులు చాటంత వెడల్పున పడి ఉన్నాయి. "లక్షుమ్మా, నిమ్మకాయకూ చీనీకాయకూ మధ్య తేడా తుపాకిది. చీనీకాయకూ చాటకూ మధ్య తేడా ఎవరిది తల్లీ?"

ఎంపికకు రోజులు దగ్గరపడ్డాయి. నా చాట పళ్లెమంతకైనా తగ్గలేదు. ఒక సాయంత్రం విసుగెత్తి కాలుస్తున్నాను. ఒక తూటా పోయింది, అలవాటు కొద్దీ నా కుడి చెయ్యి గడియ ఎత్తబోయింది. అక్కడ గడియ ఏదీ? వేళ్లు గాల్లో పైకి లేచి, వెనక్కి వచ్చి, ముందుకు పోయి, దిగాయి. వెనకాల నవ్వులే నవ్వులు. సిగ్గుతో చచ్చిపోయాను, ఆ తర్వాతి తూటా ఏమైందో కూడా చూసుకోలేదు. సార్ బైనాక్యులర్ దించకుండానే, "ఆ గుండు యాడ పడిందో సూసినావా?" అన్నారు. నడిమధ్యన పడింది. "మళ్లా లాగు" అన్నారు. "ఏం లాగాలి సార్?" "లేని గడియ లాగు!" లాగాను, కాల్చాను. మళ్లీ నడిమధ్యనే. సార్ ఎగిరి గంతేశారు. "యా అల్లా, దొరికిందిరా రోగం! గడియ లాగేటప్పుడు నువ్వు ఊపిరి తీసుకుంటాండావు, కన్ను తిప్పుకుంటాండావు. దీంట్లో గుండు తయారుగా ఉండాది గదా అని ఎంటబడి నొక్కుతాండావు. దానికి తొందర లేదు తల్లీ, తొందరంతా నీదే!"

ఎంపిక రోజు రేంజి నిండా జనం, వాళ్లను ఆపడానికి మా వెనక తాడు కట్టారు. విజిల్ వేశాక గడువు లోపల తూటాలన్నీ కాల్చాలి. పడుకుని మొదటిది కాల్చాను, చెయ్యి పైకి, వెనక్కి, ముందుకు, కిందికి. ఎవరో కిసుక్కుమన్నారు. రెండోదానికి పది మంది నవ్వారు. "గాల్లో లక్ష్మి గాలికి గడియ పెడతాంది సూడండ్రో" అన్న మాట చెవిన పడింది. నెత్తురు సర్రున తలకెక్కింది. మూడోది గబుక్కున నొక్కేశాను, నల్ల చుక్క దాటి బయట పడింది. అయిపోయింది అనుకున్నాను. పక్కవాళ్లు అప్పటికే కాల్చి లేచిపోయారు. నేను మళ్లీ చెయ్యి ఎత్తాను, ఈసారి నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడు నాకు తెలియదు, కానీ ఆ నిశ్శబ్దంలో నా ఊపిరి నాకు వినిపించింది. ఒక్కొక్కటే కాల్చాను. చివరి తూటా పోవడం, విజిల్ మోగడం ఒక్కటే అయ్యాయి. కాగితాలు వచ్చాయి. బయటపడ్డ ఆ ఒక్కటీ తప్ప నావన్నీ చీనీకాయంత జాగాలో ఉన్నాయి. చోటు నాదే! నేను కేకపెట్టానో, సార్ పెట్టారో, గుట్ట మాత్రం మారుమోగింది.

మెడలో చెమట తుడుచుకుంటుంటే, ఆ రోజు గుంటలోకి దిగకుండా జనంలోనే ఉన్న సుబ్బరాయుడు వచ్చాడు. మొదటిసారి నన్ను పేరుపెట్టి పిలిచాడు. "లక్ష్మీదేవీ, మేమంతా ఎందుకు నోరు మూసుకున్నామో తెలుసునా? తాడు ఇవతల అందరి ముందర నిలబడుకొని సార్ కూడా లాగుతాండాడు మే. నువ్వు చెయ్యెత్తితే ఆయన ఎత్తె, నువ్వు దించితే ఆయన దించె. పెద్ద సార్లు సూస్తాంటే, ఆ త్రీనాట్‌త్రీ మొనగాడు పిచ్చోని మాదిరి గాలిని లాగుతాండాడు. ఇంగ ఎవడు నవ్వుతాడు?" నాకు కళ్లనీళ్లు ఆగలేదు. సార్ దగ్గరికి పరుగెత్తితే, "ఏడ్సేది తర్వాత, ముందు తుపాకి తుడువు" అని కసిరారు.

పీరా సార్ రిటైరై, కల్లూరులో మనవళ్లతో కొన్నేళ్లు హాయిగా గడిపి, వెళ్లిపోయారు. ఇంట్లో మాటా మాటా పెరిగి నోటి దాకా కోపం వచ్చినప్పుడల్లా నా కుడి చెయ్యి తనంతట తానే లేస్తుంది. మా ఆయన అది చూసి, "ఆహా, గడియ పడింది, ఇక బతికిపోయాను" అంటారు.

ఈ పొద్దున ఆ ఆదోని పిల్లకు నిమ్మకాయ, చీనీకాయ, చాట కథ చెప్పి ఎస్సెల్లార్ చేతికిచ్చాను. మొదటి తూటా కాగితం మొహం చూడలేదు. "లేని గడియ లాగు" అన్నాను. పాపం, బెదురుతూనే చెయ్యెత్తింది. వెనక ఉన్న పిల్లలంతా ఒక్కసారిగా పకపకా నవ్వారు. ఆ పిల్ల చెవులు ఎర్రబడడం నాకు కనిపించింది. నేను లేచి వెళ్లి తాడు ఇవతల, అందరికీ కనిపించేచోట నిలబడ్డాను. ఆ పిల్ల చెయ్యి లేచినప్పుడు నా చెయ్యీ లేపాను. పైకి, వెనక్కి, ముందుకు, కిందికి. నవ్వు ఆగింది. ఎందుకు ఆగిందో ఆ పిల్ల తిరిగి చూడలేదు, లక్ష్యం వైపే చూస్తూ ఊపిరి తీసుకుంది.