కిర్రుమనే కుర్చీ

గుర్రబ్బండి తోలేవాడి కోటుతో పాటు దర్జీ తన చొక్కా చెయ్యి కూడా కలిపి కుట్టేశాడు. కుట్టుకు మాత్రం వంక పెట్టడానికి లేదు.

చనిపోయిన మొదటి భార్య కుర్చీ కిటికీ పక్కన ఉండేది. దీపం పెట్టే వేళకు అది కిర్రుమంటే ఆయన సూది ఆపి, "ఆఁ, వింటున్నా" అనేవాడు. కాజాలు కుట్టే మనిషి కావాలని ఆయన, తలదాచుకునే చోటు కావాలని రెండో భార్య ఒప్పుకున్న పెళ్లి కాబట్టి, ఆవిడ రోజూ ఆ కుర్చీ తుడిచి నేల మీదే కూర్చునేది. నిన్న కుర్చీ కిర్రుమన్నా ఆయన చూపు కాజా మీదకు వంగిన ఆవిడ మెడను వదల్లేదు. అందుకే ఆ కుట్టు. ఆవిడ నవ్వాపుకుంటూ దారాలు విప్పింది. తెల్లారాక ఆయనే ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టాడు. అది కిర్రుమనలేదు.

చూసిన దర్జీ అక్క కయ్యిమంది. "చచ్చినదాని కుర్చీలో దీన్నెక్కించావేంట్రా?"

"తనే లేచి చోటిచ్చిందక్కా."