చాక్లెట్ పళ్ళెం మేడం గారు

పాఠక మహాశయులు నన్ను క్షమించాలి. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు దీపం, దైవం, ధర్మం లాంటి మాటలు వాడాలని నాకూ తెలుసు. నేను మాత్రం సెగజబ్బు గురించి, అంటే గనేరియా గురించి రాయబోతున్నాను. తప్పు నాది కాదు, మా ల్యాబ్ మేడం గారిది. ఏలూరులో ఏళ్ళ తరబడి ఆ క్రిములను పెంచి, వాటి మీద ఏ మందు పనిచేస్తుందో డాక్టర్లకు చెప్పిన ఆవిడ, మొన్న మంగళవారం పొద్దున్న కాఫీ కలుపుకుంటూ గుండె ఆగి పోయారు. కబురు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. జోకులెయ్యడానికే ఆ గ్రూపులో ఉన్న నేను దణ్ణం బొమ్మొకటి పెట్టి ఊరుకున్నాను.

డిగ్రీ ప్రాజెక్టు పేరుతో ఆవిడ దగ్గర చేరిన మొదటిరోజు ముదురు గోధుమరంగు పళ్ళేలు చూపించి, "ఇది చాక్లెట్ అగార్ బాబూ" అన్నారు. నేను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. "నాకేవు. చాక్లెట్ కాదది, కాచిన రక్తం." ఆ రక్తం క్రిములకు భోజనమట. ఆవిడ నన్ను నువ్వు అనేవారు, క్రిములను వారు అనేవారు. "బహు సుకుమారులు. ఆరితే పోతారు, ఫ్రిజ్‌లో పెడితే పోతారు." అందుకని పళ్ళేన్ని గాజు జాడీలో పెట్టి, పక్కన కొవ్వొత్తి వెలిగించి మూత బిగించేవారు. లోపలి ప్రాణవాయువు తగ్గి కొవ్వొత్తి దానంతటదే కొండెక్కేది. మిగిలిన ఆ గాలే వారికి హాయి. కొండెక్కేదాకా ఆవిడ మాట్లాడేవారు కాదు.

"కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలుండవు మేడం" అన్నాను.

"కొత్తల్లుడు మూడు నిద్రలు చేసి వెళ్ళిపోతాడు బాబూ. వీరు వెళ్ళరు."

రెండో నెలలో వారు మా ఇంటికే వచ్చారు. ఒంటేలుకి వెళ్తే మంట. మందుల షాపులో అడిగి ఐదు రోజుల మాత్రలు తెచ్చుకుని, రెండ్రోజులకు మంట తగ్గగానే మానేశాను. వారం తిరిగేసరికి చీముతో సహా మళ్ళీ దిగింది. నమూనా పట్టుకెళ్ళి, "ఒక ఫ్రెండుది మేడం" అన్నాను.

"ఫ్రెండుకి జబ్బయితే నీకెందుకయ్యా ఆ చెమటలు?" అన్నారు. పళ్ళెం మీద పేరు రాయలేదు, అంకె వేశారు.

రెండ్రోజుల తర్వాత కళ్ళద్దాలు పైటచెంగుతో తుడుచుకుని నన్ను పిలిచారు. పళ్ళెంలో మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్ళలు ఐదున్నాయి. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిములు చచ్చి, శుభ్రమైన వలయం ఏర్పడాలి. నాలుగింటి చుట్టూ వలయం లేదు. క్రిములు బిళ్ళ అంచుదాకా వచ్చి, దాన్ని ఒరుసుకుని పెరిగాయి. "ఇది పెన్సిలిన్, మా మాస్టారి రోజుల్లోనే ఓడిపోయింది. ఇది నువ్వు మింగినది." ఐదోదాని చుట్టూ మాత్రం అద్దంలాంటి వలయం. "ఈ ఒక్క ఇంజక్షనే మిగిలింది. ఇదీ ఓడితే ఏం చెయ్యాలో నాకు తెలీదు బాబూ."

గాలి తగిలి ఆరితే చచ్చేవాళ్ళు నాలుగు మందులను దాటి వచ్చారు. నాకు జీవితంలో మొదటిసారి జోకు రాలేదు.

డాక్టరు గారు ఇంజక్షన్ చేశారు, తగ్గింది. మేడం గారు వదలలేదు. "ఆ అమ్మాయికి చెప్పావా?" నాతో కలిసి తిరిగిన ఆ అమ్మాయిది తాడేపల్లిగూడెం. ఆ మంట మొదలైనప్పటి నుంచీ నేను తన ఫోనెత్తడం మానేశాను. "ఆడపిల్లకి చాలాసార్లు నొప్పీ ఉండదు, మంటా ఉండదు. లోపల్లోపల గర్భసంచి గొట్టాలు పాడైపోతాయి. రేపు పిల్లలు కావాలనుకున్నప్పుడు బయటపడుతుంది." మాది కొల్లేరు పక్క, ఇంట్లో చేపల చెరువులున్నాయని ఆవిడకు తెలుసు. "పక్క చెరువు తూము తెరిచే ఉంచి ఈ చెరువులో మందేస్తారటయ్యా మీ నాన్నగారు?"

మర్నాడు గూడెం బస్సెక్కాను. సగం దారిలో దెందులూరులోనే దిగి, టీ తాగి, తిరుగు బస్సెక్కాను. "చెప్పానండి" అన్నాను. ఆవిడ నమ్మారు. బెంచీ మీదున్న అరటిపండు తీసి నా చేతిలో పెట్టారు. "చాలామంది చెప్పరు బాబూ" అన్నారు. ఆ అబద్ధానికి ఇప్పుడు రెండు నెలలు.

బుధవారం ఆవిడను శ్మశానానికి తీసుకెళ్ళేటప్పుడు నేను అక్కడ లేను, గూడెం స్టేషన్లో ఉన్నాను. ఆ అమ్మాయి అంతా విన్నది.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"రెండు నెలలు."

"ఎవరు చెప్పమన్నారు?"

చెప్పాను. నిన్ననే పోయారనీ చెప్పాను.

"ఆవిడుండగా నన్ను తీసుకెళ్ళాల్సింది కదరా" అంది.

నాకు ఇంజక్షన్ చేసిన డాక్టరు గారి పేరడిగి, లేచి కౌంటరుకి వెళ్ళి ఏలూరుకి టిక్కెట్టు తీసుకుంది. ఒక్కటే. రైలొస్తే ఆడవాళ్ళ పెట్టె ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. వెనక్కి చూడలేదు. మేడం గారి గురించి ఇంత రాశాను గానీ, ఆవిడ చెప్పినవాటిలో నేను నిజంగా చేసింది ఆ అమ్మాయికి చెప్పడం ఒక్కటే. అదీ ఆవిడ పోయాక.