విలన్ నీళ్లడిగిన రోజు

ఒక పేరున్న విలన్ నటుడు చనిపోయాడని నిన్న టీవీలో ఆయన పాత సినిమాలు చూపించారు. నాకు సిగ్గేసింది.

నా ఎనిమిదో ఏట పెనుకొండ కోటలో షూటింగ్ జరిగింది. ఆయన చెమటలు తుడుచుకుంటూ మా గడప దగ్గరికొచ్చి, "పాపా, కొంచెం నీళ్లిస్తావా?" అన్నాడు. సినిమాల్లో చూసి, నిజంగానే దుర్మార్గుడనుకున్నాను.

"ఈడ నీళ్లు లేవు, పోప్పా!" అన్నాను.

పక్కనే నిండు బిందె ఉంది. ఆయన దాన్ని చూసి, "సరే తల్లీ. బిందెకు మూత పెట్టుకో, దుమ్ము పడుతుంది" అని వెళ్లిపోయాడు.

లోపల్నుంచి అవ్వ వచ్చింది. "పగోడడిగినా నీళ్లు లేవంటారేమే? పో, ఇచ్చి రాపో!" అని చెంబు చేతికిచ్చింది.

ఆయన ముఖం చూడలేక నీళ్లు దారిలోనే పారబోశాను.

"తాగినాడా?"

"తాగినాడవ్వా."

ఆయన మా చెంబుతో నీళ్లు తాగాడని అవ్వ బతికినన్నాళ్లూ అందరికీ చెప్పుకుంది.