నాలుగున్నర ఇడ్లీల పొట్లం

కోకాపేటలో మా ఆఫీసు పంతొమ్మిదో అంతస్తులో కాఫీ మిషను పక్కన ఒక టోస్టరు ఉంటుంది. విదేశాల నుంచి తిరిగొచ్చినవాళ్లు తినేవేవో తెచ్చి అక్కడి బల్ల మీద పెట్టడం, అందరికీ ఒక మెయిల్ కొట్టడం, ఆ మెయిల్ చదివేలోపే డబ్బా సగం ఖాళీ కావడం ఈ చుట్టుపక్కల ఆఫీసులన్నిటిలో ఏనాటి నుంచో ఉన్న ఆచారం. మొన్న బుధవారం మధ్యాహ్నం ఎవరో స్ట్రాబెర్రీ జామ్ కూరిన తీపి పేస్ట్రీలు, పైన తెల్లటి చక్కెర పూత ఉన్నవి, టోస్టరులో వేశారు. అంచు మాడిన చక్కెర, వేడెక్కిన మైదా, ఎర్రటి జామ్ కలిసిన వాసన నా కుర్చీ దాకా వచ్చింది. లేచి వెళ్లాను.

అందరూ పేస్ట్రీ అందుకుంటుంటే నేను డబ్బా అందుకుని వెనక్కి తిప్పాను. రెండు పేస్ట్రీలకు డెబ్బై గ్రాముల కార్బోహైడ్రేట్, అందులో సగం దాకా ఉట్టి చక్కెర, పీచు ఒక్క గ్రాము, మాంసకృత్తులు ఉన్నాయంటే ఉన్నాయి, చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా నాలుగు విటమిన్లు, కాస్త ఇనుము. స్ట్రాబెర్రీ కోసం వెతికితే జాబితా అడుగున, ఎండిన ఆపిల్ పక్కన, పెళ్లిలో దూరపు చుట్టంలా నిలబడి ఉంది. "ఏంటండీ, డైటింగా?" అని కొత్తగా చేరిన విజయవాడ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ అంకె నాకు పదకొండో ఏటి నుంచి కంఠతా వచ్చని ఆ అమ్మాయికి ఏం చెప్తాను?

అప్పుడు మా ఇల్లు లింగంపల్లిలో, రైలు కూత వినబడేంత దూరంలో, రెండు గదుల కిరాయి ఇల్లు. నాయిన మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగులో ఎలక్ట్రీషియను. అమ్మ, నేను, నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు తమ్ముడు వంశీ. ఎండాకాలం మధ్యాహ్నాలు దూరంగా గుట్టల మీద రాళ్లు పేల్చే చప్పుడుకి గూట్లో గ్లాసులు గణగణలాడేవి; వానలు పడ్డాక ఆ గుట్టల సందుల్లోంచే సీతాఫలాలు గంపల్లో వచ్చేవి, వాటిని బియ్యం డబ్బాలో మాగబెట్టి, రోజుకి నాలుగుసార్లు నొక్కి చూసి, పండకముందే చిదిపేసి తిట్లు తినేవాళ్లం; అరుగు మీద సుద్దముక్కతో గీసుకున్న అష్టాచెమ్మలో వంశీ ఓడిపోతే గవ్వలు దాచేసేవాడు, గెలిస్తే వీధంతా పరిగెత్తేవాడు. బతుకమ్మకి అమ్మ సజ్జరొట్టెలు వేడివేడిగా నలిపి, బెల్లమూ నెయ్యీ కలిపి మలీద ముద్దలు కట్టేది, ఉగాదికి భక్ష్యాల పూర్ణం రుబ్బుతుంటే రోటి పక్కనే కాపలా కూర్చునేవాళ్లం. తీపి అంటే మా ఇంట్లో అప్పటిదాకా పండగే, భయం కాదు.

ఆ ఏడు దసరా వెళ్లిన వారానికే వంశీ బిందెల కొద్దీ నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. పక్క తడిపేవాడు, చొక్కా లోపల ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఒకనాడు బడి నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే పడుకున్నాడు, ఎంత లేపినా లేవలేదు. దవాఖానలో పది రోజులున్నాక డాక్టరు చెప్పింది ఇది: షుగరు మితిమీరి అలా మగతలోకి పోయాడు, వాడి ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు, బతికినన్నాళ్లూ తిండికి ముందు సూది పొడవాలి, మందు తక్కువైతే షుగరు పెరిగి ప్రమాదం, ఎక్కువైతే పడిపోయి ఇంకా ప్రమాదం. రెండు వైపులా నుయ్యే, ఏ వైపూ గట్టు లేదు.

అమ్మ ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. దవాఖానలో తిండి సంగతులు చెప్పే ఆవిడ పుణ్యం, అమ్మకి ఒక లెక్క నేర్పింది: పదిహేను గ్రాముల కార్బోహైడ్రేట్ అంటే ఒక ఇడ్లీ, ఇడ్లీకి సిరంజి మీద ఒక గీత మందు. అంతే, ఆనాటి నుంచి మా అమ్మ కంటికి లోకమంతా ఇడ్లీలే. అరటిపండు ఇడ్లీన్నర, జొన్నరొట్టె రెండిడ్లీలు, ఎవరింట్లోనో చేతిలో పెట్టిన సకినం అర ఇడ్లీ. ఇంగ్లీషులో ఉన్న పొట్లాలు చదివే పని నాది. "సుజా, ఎంతుందో సదువు" అనేది, నేను చదివేదాన్ని, ఆమె పెదాలు కదిపి ఇడ్లీల్లోకి మార్చుకుని, మట్టికుండలో చల్లగా పెట్టిన మందు సీసా తీసేది. ఫ్రిజ్ మాకు తర్వాతెప్పుడో వచ్చింది. నేను తప్పు చదివితే ఏమవుతుందో ఎవరూ చెప్పకపోయినా నాకు తెలుసు, అందుకే ప్రతి అంకె మీదా వేలుపెట్టి రెండుసార్లు చదివేదాన్ని.

ఇంకో కట్టడి కూడా వచ్చింది. వాడు తినకూడనిది ఇంట్లో ఎవరూ తినకూడదు. మలీద లేదు, భక్ష్యాలు లేవు, బెల్లం డబ్బా పక్కింటికి వెళ్లిపోయింది. న్యాయమే, కాదనను. కానీ పదకొండేళ్ల నోటికి న్యాయం ఏం తెలుసు? పెళ్లిళ్లలో కూడా అమ్మ చూపు నా విస్తరి మీదే ఉండేది.

ఎండాకాలంలో ఒక శనివారం నాయిన ఒక డబ్బా తెచ్చాడు. వాళ్ల బిల్డింగులో విదేశం నుంచి వచ్చిన సారెవరో పంచగా మిగిలిందట, లోపల ఒకే ఒక్క వెండిరంగు పొట్లం, అందులో ఇలాంటివే రెండు పేస్ట్రీలు. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది. పాపం వంశీ ఏడు నెలల నుంచి తీపి ఎరగడు. లెక్క కట్టి పెడితే ఎప్పుడన్నా పరవాలేదని డాక్టరే అన్నాడు. ఆదివారం నాయిన డ్యూటీకి వెళ్లాక, మధ్యాహ్నం మూడింటప్పుడు, "సదువు" అంది. చదివాను. రెండింటికీ కలిపి డెబ్బై.

"నాలుగున్నర ఇడ్లీల మీదనే అయితది" అని అమ్మ వేళ్లు మడిచి, నాలుగున్నర గీతలు ఎక్కించి, వాడి తొడకి సూది పొడిచింది. అరగంట ఆగి పెట్టాలి. ఆ అరగంట అయ్యేసరికి సరిగ్గా వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. "పెనం మీద ఎచ్చజేసి రెండూ వానికి పెట్టు, జర మాడకుండ" అని బిందెలు పట్టుకుని పరిగెత్తింది.

టోస్టరు మాకేది? దోశ పెనం మీద పెట్టాను. చక్కెర పూత కరిగి పెనానికి అంటుకుని బుస్సుమంది, ఆ వాసనకి పెనం మీదికి వంగిపోయాను. వంశీ మొదటిది తిన్నాడు, మూతంతా ఎర్రగా చేసుకుని. రెండోది చేతిలోకి తీసుకుని నా మొహం చూశాడు. ఆ చూపులో వాడు ఇవ్వబోయాడో, నేనే లాక్కున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. తిన్నది మాత్రం నేనే. నాలుగు కొరుకుల్లో, రుచి తెలిసేలోపే అయిపోయింది. అప్పుడు భయమేసింది, షుగరు గురించి కాదు, అమ్మ గురించి. వాడి చెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టుకున్నాను. "నా మీద ఒట్టు. అమ్మకు చెప్తే నేను సచ్చిపోత." వాడు కళ్లు ఇంతలు చేసుకుని తల ఊపాడు. పిల్లల లోకంలో అంతకు మించిన చట్టం లేదు.

మందు రెండింటికి, తిండి ఒక్కదానికి. ఆ లెక్క నా బుర్రకి తట్టనే లేదు. తీపి తక్కువ తింటే వాడికి మంచిదే కదా అని కూడా సర్దిచెప్పుకున్నాను.

సాయంత్రం ఐదు గంటలప్పుడు, ట్యాంకరు దగ్గర తడిసి గంతులేసి వచ్చిన వంశీ అరుగు మీద కూర్చుండిపోయాడు. గవ్వలు వేయమంటే చేతిలోంచి జారిపోయాయి. ఒళ్లంతా తడి, ఆ తడిలో చెమట ఏదో నీళ్లేవో తెలియదు. అమ్మ వాడి మొహం చూసి పిలిస్తే అర్థం లేని మాటేదో అన్నాడు. షుగరు చూసే మిషను ఉంది గానీ దాని పట్టీలు ముందురోజే అయిపోయాయి.

"ఏమైందిరా బిడ్డా? గట్ల జూస్తున్నవేంది?" అమ్మ వాడి గడ్డం పట్టుకుంది. "రెండూ తిన్నవా?"

వాడు మెల్లగా నా వైపు చూశాడు. కళ్లు నిలవడం లేదు, పెదాలు తెల్లబడ్డాయి, ఐనా నా కోసం చూశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "ఆఁ. రెండు" అన్నాడు.

అమ్మకి వాడు బడి నుంచి వచ్చి ఎంతకీ లేవని రోజు గుర్తొచ్చి ఉంటుంది, ఇలాంటి మగతే. "షుగరెక్కువయ్యింది. దొరబాబుల తిండి, నాలుగున్నర సాలలేదు" అని గొణుక్కుంటూ కుండలోంచి సీసా తీసింది. సూది సీసాలోకి దిగింది, మందు గీత గీత ఎక్కుతోంది. వాడి తల పక్కకి వాలింది. అంత భయం నాకు అంతకు ముందు లేదు, తర్వాత పిల్లల్ని కన్నప్పుడు కూడా లేదు.

"సూది వద్దమ్మా! వాడు ఒక్కటే తిన్నడు. ఒకటి నేను తిన్న!"

అమ్మ ఆగింది. నేను వాడి మీద పడి, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టినరా, చెప్పు, చెప్పు" అని కుదిపాను. వాడు కళ్లు తెరవలేదు. అమ్మ సిరంజి నేలకేసి కొట్టి, గూట్లో పైన ఇలాంటప్పటి కోసమే ఉంచిన గ్లూకోజు డబ్బా దించి, తడివేలితో పొడి వాడి బుగ్గ లోపల రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే ఉంది. రైలు ఒకటి వచ్చి పోయింది. ఇంకొకటి కూడా పోయిందనుకుంటా, అప్పుడు వంశీ నాలుక కదిలింది, పొడి చప్పరించాడు, తర్వాత గట్టిగా ఏడ్చాడు. ఏడుస్తూ వాడన్న మొదటి మాట, "అక్క సచ్చిపోతదా?"

అమ్మ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. వాణ్ని ఒళ్లో పెట్టుకుని, నా వైపు చూడకుండా, "నాకు గావాలె అని అడిగితే పెట్టకపోదునానే?" అంది. మర్నాటి నుంచి పక్కింట్లోంచి బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టేది. నేను మింగలేకపోయేదాన్ని.

ఇప్పుడు ఆ కిరాయి ఇల్లు లేదు, అక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. గుట్టలు పేల్చడానికి మిగల్లేదు, సీతాఫలాలు ఎక్కడి నుంచో లారీల్లో వస్తున్నాయి. వంశీకి పెళ్లయింది, మా పక్క టవర్లోనే ఉద్యోగం. భుజానికి అంటించుకున్న బిళ్ల వాడి షుగరెంతో నిమిష నిమిషమూ ఫోనులో చెప్తుంది, సిరంజి గీతలు పోయాయి, అమ్మ మాత్రం పిజ్జా ముక్కని చూసి కూడా రెండిడ్లీలంటుంది. ఆ అంకె నా ఫోనుకూ వచ్చేలా పెట్టరా అంటే "ఫికర్ జెయ్యకక్కా" అని నవ్వేస్తాడు. పోయిన వానాకాలం కారు నడుపుతూ షుగరు పడిపోయి, రోడ్డు పక్కన ఆపుకుని, ఒళ్లంతా చెమటతో స్టీరింగు మీద వాలి ఉండగా నేను ఫోను చేశాను. "మంచిగున్న" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత వాడి భార్య చెబితే తెలిసింది. నేను భయపడతానని అలా అన్నాడట.

మొన్న బుధవారం డబ్బా బల్ల మీద పెట్టేసి వాడికి ఫోను చేశాను.

"ఏం తిన్నవ్‌రా?"

"ఏం లేదక్కా. మీటింగుల ఉన్న."

"షుగరెంతుంది?"

"మంచిగున్న."

గొంతు మామూలుగానే ఉంది. ఆనాడు అరుగు మీద "రెండు" అన్నప్పుడు కూడా గొంతు మామూలుగానే ఉంది. నేను బ్యాగు తీసుకుని, వాణ్ని కళ్లారా చూడడానికి లిఫ్టు వైపు నడిచాను.