కంబికి గుచ్చిన కొలంబో రసీదు

ఆడిటరు అడిగిన నలభై రూపాయలూ మిగిల్చిన మొనగాణ్ణి నేను. మా రాజపాళయం బజారులో అలాంటివాణ్ణి ఇంకొకణ్ణి చూపించండి.

కొలంబోలో నా బావమరిది నడిపే కట్టుగుడ్డల అంగడిలో నాకు సగం వాటా. ఆ లాభం మీద అక్కడి సర్కారు పన్ను పట్టుకుంది. ఇక్కడి పన్ను ఆఫీసు అదే లాభానికి మళ్ళీ అడిగింది. అక్కడ కట్టినట్టు గడువులోగా కాగితాలు చూపితే రెండువందల పది రూపాయలు తగ్గుతాయనీ, ఆ పనికి తనకు నలభై అనీ ఆడిటరు చెప్పాడు. ఇరవై అయిదన్నాను. తల అడ్డంగా ఊపాడు. చెప్పులేసుకుని బయటికి నడిచాను. మా బజారులో మూడో అడుగుకే వెనక్కి పిలుస్తారు. వీధి చివరిదాకా మెల్లిగానే నడిచాను. ఆయన పిలవలేదు.

"సర్కారు పనిలో కూడా బేరమేనా? పోయి ఇచ్చేసి రాండి" అనింది నా ఇల్లాలు.

"ఇప్పుడు పోతే అరవై అడుగుతాడు."

కొలంబో రసీదు వచ్చిన రోజే, ఇక్కడి నా చీరల అంగట్లో ప్రతి కాగితానికీ చేసే మర్యాదే దానికీ చేశాను. గల్లాపెట్టె పక్కన వేలాడే ఇనుప కంబికి గుచ్చాను. తరువాత దాన్ని పట్టుకుని బస్సెక్కాను. ఆఫీసు గుమాస్తా మనవైపు వాడే. రసీదెత్తి చిల్లులోంచి నన్ను చూశాడు.

"ఏ సంవత్సరం పన్ను అన్నాచ్చీ ఇది? సంవత్సరం ఉండాల్సిన చోట మీ మొగం కనపడతా ఉంది."

"పోయినేటిదప్పా. నేను చెప్తా ఉండానే!"

"మీరు చెప్తే చాలునంటే మాకీ ఆఫీసెందుకు? అక్కడివాళ్ళు సీలేసిన నకలు తెప్పించండి. రసీదు అంగడి పేరన ఉంది. అందులో సగం మీదేనని చెప్పే పత్రం ఏది?"

పత్రమా! నాకూ బావమరిదికీ మధ్య జరిగింది తాంబూలం ఒక్కటే. ఆనాడే నమిలేసిన తమలపాకును ఏ ఫైలులో పెట్టను?

నకలుకూ పత్రానికీ బావమరిదికి జాబు రాశాను, తంతి కొట్టాను. రెండోసారి పోతే గుమాస్తా సెలవు. మూడోసారి పోతే, లంక రూపాయ మన రూపాయలో ఎంతో బ్యాంకులో రాయించుకు రమ్మన్నాడు. రెండూ ఒకటేనని బజారులో ఎవరినడిగినా చెబుతారు. అయినా రాయించాను. నాలుగోసారి కాగితాలన్నీ సంచిలో ఉన్నాయి. గడువు దాటి తొమ్మిది రోజులైంది.

"తొమ్మిదిని మూడుగా ఏసుకో" అన్నాను. సిగ్గులేకుండా నిజంగానే అడిగాను.

"ఇది చీరల అంగడి కాదన్నాచ్చీ" అని ఫైలు మూసేశాడు.

చేజారిన తగ్గింపు రెండువందల పది. బస్సులకు, కాఫీలకు పదహారు. తంతికి, తపాలాకు తొమ్మిది. మొత్తం రెండువందల ముప్ఫై అయిదు. ఆడిటరుకు ఇవ్వని నలభై తీసేస్తే, నా నష్టం నూటతొంభై అయిదు రూపాయలు.