వేదిక పలకల అడుగున

పోయిన నెల మా భజన మందిరంలో పాత చెక్క వేదిక తీసేసి గ్రానైట్ వేదిక కట్టడం మొదలుపెట్టారు. యాభై ఏళ్లకు పైగా శ్రీరామనవమి కల్యాణానికి స్వామివారిని కూర్చోబెట్టిన ఎనిమిది టేకు పలకలను బయటికి మోసి గోడకు ఆనిస్తూ, వడ్రంగి మేస్త్రీ ఒకదాన్ని తిరగేసి చూశాడు. పారాయణానికి వచ్చిన మా ఆడవాళ్ల వైపు తిరిగి, "ఇగో అమ్మా, దీని అడుగున రెండు వరుసల్ల వంకర గాడి కొట్టి ఉంది. చెదలైతె గింత సక్కగ తినయి. ఎవరి పనో గిది" అన్నాడు. అక్కడున్న వాళ్లలో జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అది నాలుగు మాటల్లో తేలే సంగతి కాదు. అందుకే ఇంటికి వచ్చి, నా వయసు వాళ్లు నలుగురు చదువుకున్నా చాలని ఈ మాటలు రాసుకుంటున్నాను.

మా ఆయనకు సిద్దిపేటలో మోటర్ వైండింగ్ దుకాణం ఉండేది. అవి ఎనభైలు, ఊరూరా బోర్లు పడుతున్న రోజులు. కరెంటు హెచ్చుతగ్గులకు మోటర్లు కాలిపోయేవి, ఎండాకాలం వచ్చిందంటే అటు తొగుట నుంచీ ఇటు గజ్వేల్ నుంచీ రైతులు మోటర్లను బస్సు మీద వేసుకొచ్చి మా గడప ముందు కూర్చునేవారు. చేతులు చాలక, పెళ్లయిన రెండో ఏడే నేనూ రాగి తీగ చుట్టడం నేర్చుకున్నాను. చిన్నప్పుడు మా బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పురాణం చదివిస్తూ, చేతికి పని ఉన్నప్పుడు నోటికి నామం ఉండాలని చెప్పేవాడు. ఆ అలవాటు కొద్దీ నేను చుట్లను ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని కాదు. చుట్టుకొక రామనామం, పది నామాలకు ఒక చింతగింజ పక్కకు. అట్లా చుట్టిన మోటర్లు ఎన్ని పొలాలకు నీళ్లు తోడాయో ఆ స్వామికే తెలియాలి.

మా ఆయనకు ఒక్కరే అన్న. మా బావగారు ఇరవై ఏళ్ల వయసులో సికింద్రాబాద్ వెళ్లి, అక్కడ ఒక క్లబ్బులో పనికి కుదిరారు. చదివేవాళ్లకు ఆ క్లబ్బు సంగతి కొంచెం చెప్పాలి. జానెడు కూడా లేని కార్లు. పెద్ద చెక్కబల్ల మీద దారి, ఆ దారి పొడవునా సన్నని గాడి, గాడికి రెండు వైపులా రాగి పట్టీలు. కారు కింద నాలుకలాంటి ముక్క ఒకటి గాడిలో ఉంటుంది, పట్టీల నుంచి కరెంటు అందుకుని కారు పరుగెత్తుతుంది. చేతిలో మీట ఎంత నొక్కితే అంత వేగం, వంపులో ఎక్కువ నొక్కితే కారు ఎగిరి బయట పడుతుంది. స్లాట్ కార్లు అనేవారు వాటిని. డాక్టర్లు, కంపెనీల అధికారులు ఆదివారాలు వచ్చి పోటీలు పెట్టుకునేవారట. ఆ దారినీ కార్లనీ పదిహేనేళ్లు చూసుకున్నది మా బావగారే. తర్వాత ఆడేవాళ్లు తగ్గి క్లబ్బు మూతపడితే, ఎవరికీ అక్కరలేని విరిగిన కార్లను ఇనప పెట్టెలో పెట్టుకుని సిద్దిపేట వచ్చి, దుకాణం వెనక గదిలో ఉండిపోయారు.

మా మామగారు భజన మండలికి పెద్ద. పెద్దకొడుకు డోలు వాయిస్తే మందిరం ఊగేదని అందరూ చెప్పుకునేవారు. ఆ డోలు వదిలి బొమ్మల కోసం పట్నం పోయాడని ఆయన మనసు విరిగింది. కొడుకు తిరిగి వచ్చినా నేరుగా పలకరించేవారు కాదు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, "ఆ బొమ్మలాయనకు బువ్వ పెట్టినవా బిడ్డా" అని నన్ను అడిగేవారు. బావగారు వెనక గదిలోంచి వింటూనే ఉండేవారు.

బావగారు ఆ కార్లను బాగుచేసే తీరు చూస్తే నాకు పూజ సామాను తోమడం గుర్తుకొచ్చేది. ఒక్కో మరను కిరోసిన్‌లో కడిగి, పాత మల్లు గుడ్డతో తుడిచి, టైర్ల కోసం సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి చక్రాలకు అతికించేవారు. విరిగినవి అతికేవారు గానీ రంగు మాత్రం వేసేవారు కాదు. ఎవరి కారు రంగు వాళ్లు ముచ్చటపడి వేసుకున్నది, దాన్ని ముట్టుకునే హక్కు మనకెక్కడిది అనేవారు. వాటిలో ఒక పచ్చ కారు ఉండేది. అది ఒక డాక్టరు గారిది. క్లబ్బు చివరి రోజున పరుగులోనే దాని మోటర్ కాలిపోయిందట. మళ్లీ నడిపించి మీ చేతికిస్తానని బావగారు ఆయనకు మాట ఇచ్చారు. ఆ మాట ఐదేళ్లుగా పెట్టె అడుగున ఉండిపోయింది.

ఒక మార్గశిరంలో ఆ డాక్టరు గారి దగ్గర నుంచి పోస్టుకార్డు వచ్చింది. వయసు మీద పడింది, కూతురి దగ్గర ఉండిపోవడానికి కరీంనగర్ వెళ్తున్నాను, దారిలో సిద్దిపేటలో ఒక గంట ఆగుతాను, నా పచ్చ కారు ఇంకా ఉందా అని రాశారు. మూడు వారాలే గడువు. ఆ రోజు నుంచి బావగారికి అన్నం సయించలేదు.

మోటర్ చుట్టే పని నాకిచ్చారు. కాలిన తీగ విప్పుతూ లెక్క చూస్తే, మోటర్ నడుమ తిరిగే ఇరుసుకున్న మూడు కొమ్మలకూ డెబ్బయ్యేసి చుట్లు వచ్చాయి. వెంట్రుకంత తీగ, అంత సన్నది నేనెప్పుడూ ముట్టలేదు. భయంతో నామం గట్టిగా పట్టుకున్నాను, చెయ్యి జపంలో పడిపోయింది. డెబ్బై దగ్గర ఆపబోతే మాల మధ్యలో వదిలినట్టు అనిపించి, మూడు కొమ్మలకూ నూట ఎనిమిది పూర్తిచేసి గానీ లేవలేదు. బావగారు దానికి కరెంటు ఇచ్చి చూశారు. తిరిగింది గానీ నింపాదిగా తిరిగింది. చుట్లు పెరిగితే వేగం తగ్గుతుందని పంపు మోటర్లతో అంత కాలం కూర్చున్న నాకు తెలియదా, తెలిసే చేశాను. ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారు. "నువ్వు చుట్టింది పల్లకికమ్మా. గిది పందెం కారు" అన్నారు. సిగ్గుపడి, విరిగిన కార్లలోంచి తీసిన ఇంకో మోటర్‌కు డెబ్బయ్యే చుట్టి ఇచ్చాను. మొదటిదాన్ని పారేయబుద్ధి కాక వక్కల డబ్బీలో దాచుకున్నాను.

ఇక దారి. అంత వెడల్పు చెక్క ఎక్కడిది? ఉన్నవి నవమి పలకలు ఒక్కటే, పక్కపక్కన పరిస్తే కారు తిరిగేంత జాగ వస్తుంది. అవి మామగారి చేతుల్లో ఉన్నాయి, బావగారు చచ్చినా అడగరు. నేనే మజ్జిగ పోస్తూ, డాక్టరు గారికిచ్చిన మాట సంగతి చెప్పి అడిగాను. మామగారు చెయ్యి కడుక్కుని లేచారు. ఆ శనివారం భజన అయ్యాక మండలిలో ఆయనే మాట ఎత్తారు. ఒక పెద్దమనిషి, "రాముడు గూసునే చెక్కకు గాడి కొడతరా, గిదేం పద్ధతి" అన్నాడు. మామగారు తాళాలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, "మాట కోసం రాజ్యమే ఇడిసిన దేవుడాయె. ఒకడు మాట నిలబెట్టుకుంటనంటె చెక్క ఇయ్యమా" అన్నారు. తర్వాత ఇంటికి వచ్చి, నాతో చెప్తున్నట్టే గది వైపు చూస్తూ, "పైన స్వామి గూసుంటడు, పైన గీత పడొద్దు. అడుగున ఆ బొమ్మలాయన ఇష్టం" అన్నారు.

బావగారు పలకలను దుకాణంలో బల్లల మీద తిరగేసి పరిచి, వాటి వరుస తప్పకుండా అంచున మేకుతో అంకెలు గీసి, పది రోజులు ఉలి పట్టారు. కాలిన పెద్ద మోటర్ల రాగి పట్టీలు గాడి వెంట అతికించాం. కరెంటుకు ట్రాక్టర్ బ్యాటరీ. డాక్టరు గారు వచ్చిన పొద్దున మండలి వాళ్లంతా మా దుకాణం గడపలో నిలబడ్డారు, వెనక మామగారు.

బావగారు మీట డాక్టరు గారి చేతికిచ్చారు. అప్పుడు చూశాను, ఆ చెయ్యి వణుకుతోంది. పచ్చ కారు దూసుకుపోయి మొదటి వంపులోనే ఎగిరి పడింది. పెట్టారు, మళ్లీ పడింది. మూడోసారి నేల మీద పడి ముందు భాగం పగిలింది. డాక్టరు గారు మీట పక్కన పెట్టి, "నువ్వు మాట నిలబెట్టుకున్నావయ్యా. నా చెయ్యే మాట వినట్లేదు" అన్నారు. బావగారి ముఖం చూడలేకపోయాను. ఐదేళ్లు మోసింది ఇందుకా అన్నట్టుంది. లోపలికి పరుగెత్తి వక్కల డబ్బీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన నా వైపు ఒక్క చూపు చూసి మోటర్ మార్చారు.

పచ్చ కారు నింపాదిగా బయలుదేరింది. మొదటి వంపు తిరిగింది, రెండో వంపు తిరిగింది. మీట మీద చెయ్యి ఎంత వణికినా దారి తప్పలేదు. డాక్టరు గారు చిన్నపిల్లవాడిలా నోరు తెరిచి చూస్తూ ఎన్ని చుట్లు తిప్పారో, బయట డ్రైవరు హారన్ కొట్టినా వినలేదు. వెళ్లేటప్పుడు కారును రుమాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

ఆయన బండి మలుపు తిరిగాక, మామగారు జనాన్ని తప్పించుకుని లోపలికి వచ్చారు. పలకల చుట్టూ ఒకసారి నడిచి, పెట్టెలోంచి ఒక ఎర్ర కారు తీసి కొడుకు ముందు పెట్టి, "నాకో పారి ఇయ్యిరా" అన్నారు. మీట చేతికి ఇచ్చీ ఇవ్వగానే గట్టిగా నొక్కారు, కారు పోయి ఆ పద్ధతి అడిగిన పెద్దమనిషి కాళ్ల మీద పడింది. "ముసలోనికి తొందరెక్కువ" అని అతనంటే, నవ్వినవాళ్లలో బావగారి గొంతే పెద్దగా వినిపించింది. ఆ తర్వాతి శనివారం భజనలో డోలు బావగారి ఒళ్లోనే ఉంది.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. ప్రతి నవమికీ తలంబ్రాలు పడుతుంటే, స్వామి పాదాల కింద ఆ దారి ఉందని తలచుకుని దండం పెట్టుకోవడం నా ఒక్కదానికే మిగిలింది. నా తప్పును కూడా ఒకరి సంతోషానికి వాడుకున్న ఆ రామయ్య తండ్రికి నేనింకేమి ఇవ్వగలను? మందిరం వాళ్లను అడిగి పలకలు ఇంటికి తెప్పించుకున్నాను. నిన్న వాకిట్లో అంకెల వరుసన తిరగేసి పరిపించాను. రాగి పట్టీలు ఎప్పుడో ఊడిపోయాయి గానీ, దారి ఎక్కడా తెగకుండా చుట్టూ కలిసింది.

గ్రానైట్ వేదిక బాగుంది. కడగడం సులువు, చెద భయం లేదు, నా వంతు చందా నేనూ ఇచ్చాను. కాకపోతే ఒక మనిషి మాట కోసం దేవుడి పీటను అడిగే చనువూ, అడిగితే ఇచ్చే పెద్దలూ ఉన్న రోజులు అవి. ఈ వేదికను రేపు ఎవరైనా వచ్చి అడిగినా, తిరగేసి ఇవ్వడానికి దీనికి అడుగు వైపు లేదు.