బెనోని అనే పేరు

నా చిన్నప్పుడు మేము మిషిగన్‌లోని నోవైలో ఉండేవాళ్లం. ఇంటి వెనక కంచె దాటితే ఒక పాత సమాధుల తోట ఉండేది. ఆ శీతాకాలం అమ్మ నిండు చూలాలు. కాన్పుకని గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మమ్మ, ఎండ కాసిన మధ్యాహ్నాల్లో నన్ను వెంటబెట్టుకుని ఆ తోటలో నడిచేది.

ఒకనాడు ఒక చిన్న రాయి మీది మంచు తుడిచి, కూడబలుక్కుని చదివాను. బెనోని. ఇంటిపేరు లేదు, మరే మాటా లేదు.

"ఇది బేబీ నేమా అమ్మమ్మా? మన బేబీకి పెడదామా?" అన్నాను.

అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "ఆ పేరు మీ అమ్మ దగ్గర అనమాకు" అంది.

నేను వదలకపోయేసరికి నడుస్తూ చెప్పింది. అది హెబ్రీ పేరట. బైబిల్లో యాకోబు భార్య రాహేలు దారిలోనే ప్రసవించి, ప్రాణం పోతుండగా బిడ్డకు పెట్టిన పేరట. 'నా దుఃఖానికి పుట్టిన కొడుకు' అని అర్థం. ఎవరూ పిల్లలకు పెట్టుకోరు. "ఈ బిడ్డ తల్లి కూడా అలాగే పోయుంటుంది పాపం" అంది. బైబిల్లో తండ్రి యాకోబు మాత్రం ఆ పేరు ఉంచలేదని, బెన్యామీను అని మార్చాడని, అంటే కుడిచేతి కొడుకని కూడా చెప్పింది. ఆ రెండో పేరు నా చెవికెక్కలేదు. మొదటిదే గొంతులో ముల్లులా ఉండిపోయింది. నిద్రలో పలవరించి అమ్మకు వినిపిస్తానేమోనని, నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని పడుకునేదాన్ని.

కాన్పు కష్టమైంది. తమ్ముడు పుట్టాక అమ్మకి రక్తం ఆగలేదు. మరునాడు సాయంత్రం నాన్న మమ్మల్ని హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు. అమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి గాని మమ్మల్ని చూడటం లేదు. కిటికీ వైపు చూస్తూ, ఎవరినో అడుగుతున్నట్టు, "బెనోని ఏడి?" అంది.

"ఎవరు?" అన్నాడు నాన్న, అర్థం కాక.

నేను చెప్పలేదన్నట్టు అమ్మమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపాను. ఆమె నన్ను అనుమానించలేదు. ఏంటా మాటలని అమ్మను కసరలేదు. తమ్ముణ్ణి ఎత్తుకొచ్చి అమ్మ కుడిచేతి మడతలో పడుకోబెట్టి, ఆ చేతిని తన చేత్తో కప్పింది.

"విన్నానమ్మా. వాళ్ల నాన్న వాడికి వేరే పేరు పెట్టాడు. బెన్యామీను. ఇదిగో, నీ కుడిచేతిలోనే ఉన్నాడు. పట్టుకో" అంది.

చాలాసేపటికి అమ్మ వేళ్లు కదిలాయి. పట్టుకుంది.

అమ్మ బతికింది. తమ్ముడికి ఆ పేరే పెట్టారు. ఆ సాయంత్రం తనేమందో అమ్మకి ఎప్పటికీ గుర్తురాలేదు. బైబిల్ తెలియని మనిషి కాదు. అయినా అన్ని పేర్లలో ఆ పేరే ఎందుకు వచ్చిందో మాకెవరికీ అంతుపట్టలేదు. అడిగితే అమ్మమ్మ, "తెలియనిదానికి జవాబు కల్పించమాకు" అనేది.

ఇప్పుడు నాకు అప్పటి అమ్మమ్మ వయసు. జబ్బు మనిషి పక్కన కూర్చున్నప్పుడు వాళ్ల నోట భయపెట్టే మాట వస్తే, 'అలా అనకు' అని నోరు మూయించను. విన్నానని చెబుతాను. ఆ తరవాత, పట్టుకోవడానికి ఏదో ఒకటి వాళ్ల చేతికి అందిస్తాను.